మడిచిన వేలు

"ఎవురు నేర్పించినారే మీకు ఈ పట్టు? చెరుకు కొట్టేదానికి వచ్చినారా, టేబుల్ టెన్నిస్ ఆడేదానికి వచ్చినారా?" అని అరిచాను.

కార్వేటినగరం దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్ టీచరుగా చేరి అప్పటికి మూడు వారాలయింది. 2005 జులై. నాకు కోపం ముందు పుడుతుంది, కారణం తర్వాత వెతుక్కుంటాను. ఆ రోజు మాత్రం కారణం కళ్ళెదురుగానే ఉంది. పన్నెండు మంది ఆడపిల్లలు వరసగా నిలబడి బ్యాట్లు పట్టుకున్నారు. అందరి చూపుడు వేళ్ళూ లోపలికి మడిచి ఉన్నాయి, కొడవలి పిడి పట్టుకున్నట్టు.

బ్యాటు పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. మనిషికి చెయ్యి కలిపినట్టు పట్టుకోవాలి. కింది మూడు వేళ్ళు పిడి చుట్టూ, బొటనవేలు ఈ పక్క రబ్బరు అంచున, చూపుడు వేలు ఆ పక్క రబ్బరు అంచున చాపి ఆనించాలి. ఆ చాపిన వేలే బ్యాటుకు ఆసరా. అది లేకపోతే ఎడమవైపు వచ్చే బంతికి బ్యాటు ఊగిపోతుంది. ఇదంతా అరగంట సేపు నోటితో చెప్పాను. చెప్పి, "నన్ను చూసి పట్టుకోండి" అన్నాను.

ముందు వరసలోని పిల్ల భయం భయంగా అంది. "మీరే మేడం."

"నేనా?"

"మీరు పట్టుకున్నట్టే పట్టుకున్నాం మేడం."

నా చెయ్యి చూసుకున్నాను. నా చూపుడు వేలు మడిచి ఉంది.

తొమ్మిదేళ్ళ కిందటే మానేశాననుకున్న అలవాటు అది. పిల్లలకు ఈ ఆటలో మొదటి పాఠం కదా, కంగారులో వేలు తన పాత చోటికి తాను పోయింది. వాళ్ళకు ఏదో సర్దిచెప్పి గంట కొట్టకముందే పంపేశాను. స్టాఫ్ రూంలో కూర్చొని ఆ వేలిని చాపి చాపి చూసుకున్నాను. ఆ వేలు అలా ఎందుకు మడుచుకుంటుందో తెలిసినవాళ్ళు ఈ లోకంలో కొద్దిమందే. వాళ్ళలో ఒకరి ముఖం చూసే ధైర్యం లేక తొమ్మిదేళ్ళుగా మా ఊళ్ళో ఒక వీధి వదిలేసి తిరుగుతున్నాను.

మా ఊరు ఐరాల. మా నాయన ఆదిమూలానికి చెరుకు తోట, కరెంటు మోటారుతో ఆడే గానుగ ఉండేవి. మునస్వామన్న ఆ గానుగలో పనిచేసేవాడు. అంతకుముందు, పెళ్ళికాకముందు, చిత్తూరులో ఒక క్లబ్బులో బంతులు అందించే పనిలో ఉన్నాడట. ఆఫీసర్లు రాని పూట బ్యాటు పట్టుకొని, చూసి చూసి ఈ ఆట నేర్చుకున్నాడు. తండ్రి పోయాక ఊరికి వచ్చేశాడు. గానుగలో చెరుకు పెట్టే పని అతనిది.

నాకు ఏడేళ్ళప్పుడు అతని కుడిచేతి చూపుడు వేలు గానుగలో పోయింది, మొదలంటా.

గానుగ రోలర్లకు ముందు ఒక అడ్డపలక ఉంటుంది. అది ఉంటే చెయ్యి రోలర్ల దాకా పోదు, కానీ ఒక్కసారికి రెండు గడలే పడతాయి. కరెంటు ఇచ్చేది పూటకు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో తోట ఆడించేయాలని నాయన ఆ పలక ఊడదీయించాడు. ప్రమాదం జరిగిన మర్నాడు పొద్దున్నే ఆయనే పలక తెచ్చి మళ్ళీ బిగించాడు. మేకుల డబ్బా పట్టుకొని పక్కన నిలబడింది నేనే. ఒక్కో మేకూ అందిస్తుంటే, "ఎవురన్నా అడిగితే ఈ పలక ఎప్పుడూ ఈడే ఉన్నిందని చెప్పల్ల, తెలిసిందా?" అన్నాడు నాయన. తల ఊపాను.

ఆ మధ్యాహ్నానికి ఊరంతా ఒకటే మాట. మునస్వామి తాగి గానుగలో చెయ్యి పెట్టినాడు. ఆ మాట ఎక్కడ పుట్టిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. మునస్వామన్న కల్లు కూడా ముట్టడని ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా ఆ మాటే నిలబడింది. నాలుగు నెలలు పోయాక నాయన ఎవరెవరితోనో చెప్పించి అతనికి మా స్కూల్లో అటెండరు పని వేయించాడు. "తాగుబోతుని గూడా ఒక దారికి తెచ్చినాడబ్బా ఆదిమూలం" అని రచ్చ దగ్గర మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా మా నాయన వద్దనలేదు.

నేను తొమ్మిదో తరగతిలోకి వచ్చేసరికి, చిత్తూరులో ఎక్కడో మూలపడి ఉన్న ఒక టేబుల్ టెన్నిస్ బల్ల మా స్కూలుకు చేరింది. ఒక కాలు విరిగితే ఇటుకలు పేర్చారు. డ్రిల్ మాస్టారికి కబడ్డీ తప్ప ఇంకో ఆట తెలియదు. "నాకొస్తాది సార్" అని ముందుకొచ్చింది మునస్వామన్నే. భుజం మీది తువ్వాలును ఎప్పుడూ కుడిచేతికి చుట్టుకొని ఉండేవాడు. ఆ రోజు మొదటిసారి మా ముందర దాన్ని విప్పి బ్యాటు పట్టుకున్నాడు.

అతను ఆడుతుంటే నోరు తెరుచుకొని చూశాం. మూడు వేళ్ళతో, బొటనవేలితో అంత గట్టి పట్టు ఎలా వచ్చిందో! బొటనవేలిని కాస్త పైకి జరిపి, మణికట్టు ఒక్కసారి తిప్పి ఎడమపక్క బంతిని అవతలికి కొట్టేవాడు. అతని సర్వీసు బల్ల మీద పడి పక్కకు పారిపోయేది. "నన్ను సూసి పట్టుకోండి" అన్నాడు. మేం ఐదుగురు ఆడపిల్లలం. అతన్ని చూసి అలాగే పట్టుకున్నాం. చూపుడు వేలు మడిచేశాం. అతని చేతిలో ఆ వేలు లేదని మాకు తెలియక కాదు, ఆట అంటే అతని చెయ్యే అనుకున్నాం. అదీ సంగతి.

ఆ తప్పుడు పట్టుతోనే రెండేళ్ళు ఆడాం. మండలంలో గెలిచాం, చిత్తూరు డివిజన్లో గెలిచాం. అవతలివాళ్ళకు మా బంతి ఎటు తిరుగుతుందో అర్థమయ్యేది కాదు. మునస్వామన్న గోడకు ఆనుకొని, నీళ్ళ క్యాను కాళ్ళ దగ్గర పెట్టుకొని, తువ్వాలు చేతికి చుట్టుకొని, నేను కొట్టే ప్రతి దెబ్బకూ తల ఊపేవాడు. నన్ను "పాపా" అనేవాడు. "పాపా, నువ్వు రాష్ట్రానికి ఆడతావు సూడు" అనేవాడు. నాకూ అదే పిచ్చి. రాష్ట్ర పోటీలకు పోతే సర్టిఫికెట్టు వస్తుంది, సర్టిఫికెట్టు వస్తే డ్రిల్ టీచరు ట్రైనింగులో సీటు వస్తుంది. లేకపోతే పదో తరగతి కాగానే మా మేనత్త కొడుక్కి ఇచ్చి చేయడానికి నాయన మాట ఇచ్చేసి ఉన్నాడు. నాకున్న దారి ఆ బల్ల ఒక్కటే.

1996 నవంబరులో తిరుపతిలో జిల్లా జట్టు ఎంపిక. ఒక కాలేజీ ఇండోర్ హాలు. నున్నటి చెక్క నేల మీద అడుగు పెట్టాలంటేనే మాకు బెరుకు. తిరుపతి పిల్లలు తెల్ల బూట్లు, పొట్టి స్కర్టులు వేసుకొని, బ్యాట్లకు జిప్పు సంచులు పెట్టుకొని ఉన్నారు. మేం మా మాసిన కాన్వాసు బూట్లు చూసుకుంటూ నిలబడ్డాం. మునస్వామన్న మమ్మల్ని బస్సులో తీసుకొచ్చి, హాల్లో ఒక మూల స్తంభం పక్కన నిలబడ్డాడు.

తీసుకునేది నలుగురినే. సాయంత్రానికి నా ఆటలు మూడు గెలిచాను, ఒకటి ఓడాను. మా ఊరి మహిత రెండు గెలిచింది. సెలెక్టరు సార్ లావుపాటి మనిషి, మెడలో విజిలు. మమ్మల్నిద్దర్నీ పిలిచి బ్యాటు పట్టుకొని చూపించమన్నాడు. చుట్టూ పిల్లలు మూగారు.

"ఇదేం పట్టమ్మా? మీ ఊళ్ళో అందరూ ఇట్లే పట్టుకుంటారా? ఎవరు నేర్పించారు?" అని మహితను అడిగాడు.

"మా మునస్వామన్న సార్" అంది మహిత. గొప్పగానే అంది.

"ఎక్కడ కోచింగయ్యాడు ఆయన?"

"మా స్కూల్లో అటెండరు సార్."

కిసుక్కున నవ్వారు. ఒక పిల్ల తన బ్యాటును కొడవలిలా పట్టుకొని గాల్లో గడ్డి కోసి చూపించింది. ఇంకా నవ్వారు. మహిత ముఖం ఎర్రబడింది కానీ తల దించలేదు. సెలెక్టరు నా వైపు తిరిగాడు. "ఆట నీది బాగుంది. కానీ ఇట్లా పట్టుకొని రాష్ట్రానికి పోతే జిల్లా పరువు పోతుంది. వేలెందుకు దాచిపెట్టావు? చెప్పు."

చెప్పడానికి ఎన్ని మాటలు లేవు! తెలియక పట్టుకున్నాం సార్ అనొచ్చు. మార్చుకుంటాను సార్ అనొచ్చు. ఊరికే నిలబడి ఉన్నా సరిపోయేది. కానీ వాళ్ళు నన్ను చూసి కాక, నాతో కలిసి నవ్వేలా చేయాలనిపించింది. నేను ఆ అటెండరు తాలూకు కాదు, మీ తాలూకే అని వాళ్ళకు చూపించాలనిపించింది.

"మాకు నేర్పించినాయనకే ఆ వేలు లేదు సార్" అన్నాను. "తాగి గానుగలో పెట్టేసినాడు. ఆయన్ని సూసి మేమూ మడిచేసినాం."

హాలంతా గొల్లుమంది. సెలెక్టరు పొట్ట పట్టుకొని నవ్వాడు. తెల్ల బూట్ల పిల్ల నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ నవ్వు నాకు నచ్చింది. ఇప్పుడు ఎంత ఏడ్చినా అది అబద్ధం కాదు, ఆ క్షణంలో నాకు భలే నచ్చింది.

నవ్వు కాస్త తగ్గాక చూస్తే మునస్వామన్న మా దగ్గరికి నడిచి వస్తున్నాడు. మూల నుంచి అతనికి వినపడదనుకున్నాను. వచ్చి సెలెక్టరు ముందర నిలబడి, చేతికి చుట్టుకున్న తువ్వాలు విప్పాడు. చెయ్యి చాపి అందరికీ చూపించాడు.

"నిజమే సార్. ఆ బిడ్డ చెప్పినట్టు తాగే పెట్నాను. తప్పు నాది. పాప చెయ్యి మంచిది సార్. పట్టు ఒగటి మారిస్తే సరిపోతాది. తీసుకోండి సార్" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. సెలెక్టరు గొంతు సవరించుకొని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నాలుగో పేరు నాది. మహితది ఐదోది.

చిత్తూరు బస్సులో మహిత నా పక్కన కూర్చుంది. "తాగినాడని ఊళ్ళో అంటారు గానీ, నీకెవురు చెప్పినారే?" అంది.

"మా నాయన."

"నిజంగానే తాగినాడా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆమె లేచి వెనక సీటుకు పోయింది. మునస్వామన్న ముందు సీట్లో కూర్చొని ఉన్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. చెయ్యి ఊరికే తొడ మీద పెట్టుకున్నాడు. ఇక దాచుకోవడానికి ఏముందనుకున్నాడో ఏమో. చిత్తూరులో బస్సు మారేటప్పుడు అందరికీ తలా ఒక బన్ను కొనిచ్చాడు. నాకూ ఇచ్చాడు. తిన్నాను కూడా.

ఆ తర్వాత అతను బ్యాటు పట్టుకోలేదు. పిల్లలు అడిగితే "నాది తప్పుడు పట్టబ్బా, నేర్చుకోవద్దండి" అనేవాడట. బల్ల మీద పరీక్ష పేపర్ల కట్టలు పెట్టారు. నేను రాష్ట్ర పోటీలకు పోయి, కొత్త పట్టుకూ పాత పట్టుకూ మధ్య పడి, మొదటి రోజే ఓడి వచ్చాను. ఓడినా సర్టిఫికెట్టు ఇచ్చారు. పెళ్ళి తప్పింది, సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. నా నెల జీతం వెనక ఉన్నది ఆ రోజు నేనన్న ఆ ఒక్క మాట. అది గుర్తొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరి మీద అరుస్తాను. స్కూల్లో నన్ను గయ్యాళి టీచరంటారు, అననీ.

ఆ పన్నెండు మంది పిల్లలు వేళ్ళు మడిచిన వారమే, ఆదివారం నాడు, ఐరాల బస్సెక్కాను. మా ఇంటికి పోకుండా నేరుగా మునస్వామన్న ఇంటికి పోయాను. సంచిలో బ్యాటు ఎందుకు వేసుకున్నానో తెలియదు. ఒట్టి చేతులతో పోవడానికి భయమేసింది కాబోలు.

రిటైరయ్యాడు. జుట్టంతా తెల్లబడింది. వాకిట్లో గోనె పరుచుకొని విత్తనాలకు వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. బొటనవేలికీ నడివేలికీ మధ్య కాయ నొక్కితే టప్పున విచ్చుకుంటోంది.

"ఎవురూ... పాపా! రా పాపా, కూసో. టీచరమ్మవైనావంటనే! గురవమ్మా, సూడు ఎవురొచ్చినారో. నీళ్ళు తే" అని ఇంట్లోకి కేకేశాడు.

అతని భార్య గురవమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, నా ముఖం చూడకుండా లోపలికి పోయింది. ఆమెకు అంతా తెలుసని అర్థమైంది. నేను వచ్చిన పని చెప్పలేక, మా స్కూలు పిల్లల సంగతి చెప్పాను. అందరూ వేలు మడిచారని, నన్ను చూసే మడిచారని. అతను పగలబడి నవ్వాడు.

"ఏదీ, పట్టుకో సూస్తా."

బ్యాటు తీసి పట్టుకున్నాను. అతని ఎదుట వేలు మళ్ళీ మడుచుకుపోయింది. అతను చేతులు పంచెకు తుడుచుకొని, నా చూపుడు వేలిని పట్టుకొని మెల్లగా చాపి, రబ్బరు అంచున ఆనించాడు. అక్కడే కాసేపు నొక్కి పట్టుకున్నాడు.

"మొదుటి దినమే ఇట్ల పెట్టల్ల నేను" అన్నాడు. "మీరు ఐదుమందీ వేలు మడిచింది ఆ పొద్దే సూసినా పాపా. చాపండి అని చెప్పల్లంటే, నాకు ఈడ లేని వేలు మీరు ఈడ పెట్టండి అని నా చెయ్యి చూపించల్ల. సిగ్గయింది. రేపు చెప్తాం, రేపు చెప్తాం అనుకుంటా రెండేండ్లు గడిపేసినా. తిరపతిలో మీరు తలొంచుకోవాల్సి వచ్చింది నా వల్లనే గదా."

నేను చెప్పాల్సిన మాటలు అతను చెప్పేస్తున్నాడు. "అట్లనొద్దు మునస్వామన్నా" అన్నాను. క్షమించమని అడగడానికి తొమ్మిదేళ్ళు తయారైన మనిషిని, బ్యాటు తిరిగి సంచిలో పెట్టుకున్నాను.

అతను మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టాడు. నాలుగు కాయలు ఒలిచాక, తల ఎత్తకుండా అన్నాడు. "ఒగ మాట అడగల్లని శానా దినాలుగా ఉండాది పాపా. ఏమనుకోవు గదా?"

"అడుగన్నా."

"తిరపతిలో అన్నావే, తాగి పెట్టినానని. మీ నాయన చెప్పినాడు, చిన్నబిడ్డవి, నువ్వు అన్నావు. అందులో తప్పేం లేదు. కానీ... నువ్వు నమ్మినావా పాపా? నేను తాగినానని?"

నమ్మినాను అంటే చాలు. చిన్నపిల్ల, తండ్రి మాట నమ్మింది, తెలియక అంది. అతనే ఆ దారి చూపించి పెట్టాడు. ఇన్నేళ్ళూ రాత్రిళ్ళు నాకు నేను చెప్పుకున్నదీ అదే. కానీ అతను కాయలు ఒలవడం ఆపేశాడు. మూడు వేళ్ళూ గోనె మీద కదలకుండా ఉన్నాయి.

"లేదన్నా" అన్నాను. "ఒక్కనాడూ నమ్మలేదు. మర్నాడు నాయన పలక బిగిస్తా ఉంటే మేకులు అందించింది నేనే. నాకు అంతా తెలుసు. తెలిసే అన్నాను."

చెప్పేసి తిట్టు కోసం ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. లేచి పొమ్మంటాడనుకున్నాను.

మునస్వామన్న ముఖం తేటపడింది. తొమ్మిదేళ్ళుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలాడు.

"నమ్మలేదా! అది చాలు పాపా" అన్నాడు. "ఊరంతా అనుకోనీ, నాకేం. నా దగ్గర ఆట నేర్చుకున్న బిడ్డ నన్ను తాగుబోతనుకొనిందే అని ఒగటే తొలిచేది నన్ను. ఏమే గురవమ్మా, ఇనబడిందా? పాప నమ్మలేదంట! నేను చెప్పలే?"

లోపల గురవమ్మ గిన్నె ఒకటి ఠంగున నేల మీద పెట్టిన చప్పుడు వచ్చింది. ఆమెకు అర్థమైంది, నమ్మి అనడానికీ నమ్మకుండా అనడానికీ తేడా. అతనికి అర్థం కాలేదో, అర్థమై కూడా నాకోసం పక్కకు పెట్టేశాడో, నాకు ఈనాటికీ తెలియదు.

అతను దోసిలి నిండా ఒలిచిన గింజలు తీసి నా చీర కొంగులో పోశాడు. "తిను పాపా, పచ్చివే బాగుంటాయి" అన్నాడు సంతోషంగా. నేను తల దించుకొని ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, అవన్నీ అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.